మేడ మీద ఎండతో కరెంటూ వేణ్ణీళ్ళూ - 3వ పాఠం: వేడి లెక్క

పోయినసారి సోలార్ ప్యానెల్ వెనక రాగి గొట్టాలు అతికించి నీళ్ళు ఎలా తిప్పుతారో చూశాం కదా, ఈసారి లెక్క చేద్దాం, పెన్నూ కాగితం పట్టుకోండి, ఇది రాకపోతే వెండర్ ఏం చెప్పినా తలూపాల్సి వస్తుంది.

బెంగుళూరు మారతహళ్ళిలో మా మేడ మీద మార్చిలో ఓ మధ్యాహ్నం ఒంటిగంటకి థర్మామీటర్ ప్రోబ్‌ని ప్యానెల్ వెనక టేపుతో అంటించి చూశా. నీడలో 33 డిగ్రీలే, అక్కడ మాత్రం 61. చెయ్యి దగ్గర పెడితే ఇడ్లీ పాత్ర మూత తీసినట్టు సెగ. ఆ సెగంతా గాల్లోకి పోతోంది, కింద బాత్రూంలోనేమో గీజర్ మీటర్ తిప్పుతోంది, నాకు అదే బాధ.

సరే, మీ ప్యానెల్ 400 వాట్లది, సైజు సుమారు 2 చదరపు మీటర్లు అనుకోండి. ఆ 400 అనేది మంచి ఎండలో, సెల్ 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పటి మాట. అది దాటితే ప్రతి డిగ్రీకీ దాదాపు 0.35 శాతం తగ్గుతుంది, మీ డేటాషీట్లో టెంపరేచర్ కోఎఫిషెంట్ ఎంతుంటే అదే వేసుకోండి. 61లోంచి 25 తీస్తే 36, దాన్ని 0.35తో గుణిస్తే 12.6 శాతం, అంటే 50 వాట్లు పోయి 350 మిగిలాయి. నీళ్ళు తిప్పి 41కి దింపితే 378 వస్తాయి. లాభం 28 వాట్లు, తక్కువ కరెంటు తినే ఒక బీఎల్‌డీసీ ఫ్యానుకి సరిపోతుంది అంతే, అందులోనే పంపు కూడా కొంత తింటుంది.

అసలు లాభం వేడిలో ఉంది. లీటరు నీళ్ళని ఒక డిగ్రీ పెంచడానికి 4.18 కిలోజౌళ్ళు కావాలి. 100 లీటర్లని 20 డిగ్రీలు పెంచాలంటే 100 ఇంటూ 20 ఇంటూ 4.18, మొత్తం 8360 కిలోజౌళ్ళు, ఒక యూనిట్ అంటే 3600 కాబట్టి 2.3 యూనిట్లు. గీజర్‌కి రోజూ పొద్దున్నే అంత ఖర్చు.

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. ఒక వెండర్ నాతో "65 డిగ్రీల నీళ్ళూ వస్తాయి సార్, కరెంటూ పెరుగుతుంది" అన్నాడు. నీళ్ళు 65కి రావాలంటే ప్యానెల్ ఇంకా వేడిగా ఉండాలిగా, అప్పుడు కరెంటు మామూలు ప్యానెల్ కన్నా తగ్గుతుంది! అందుకే 38 దగ్గర ఆపండి, కావాలంటే మిగతాది గీజర్ చూసుకుంటుంది. మా అమ్మ మొదటిరోజు "గోరువెచ్చగానే ఉన్నాయేంట్రా" అంది, చన్నీళ్ళు కలపక్కర్లేదని తెలిశాక మళ్ళీ గీజర్ స్విచ్ ముట్టుకోలేదు.

ఇంకోటి, బోరు నీళ్ళు నేరుగా ఆ సన్న గొట్టాల్లోకి వదలకండి, బకెట్ అడుగున పట్టే తెల్ల పొరే లోపలా పట్టి మూసుకుపోతాయి. గొట్టాల్లో మంచి నీళ్ళు విడిగా తిరగాలి, ట్యాంకులో చుట్టలా తిప్పిన గొట్టం, అంటే కాయిల్ ద్వారా వేడి ఇవ్వాలి. బెంగుళూరులో నీళ్ళు గడ్డకట్టే చలి లేదు కాబట్టి గొట్టాల్లో నీళ్ళు గడ్డకట్టకుండా కలిపే గ్లైకాల్ బెడద లేదు.

హోంవర్క్: మబ్బు లేని రోజు 10కి, 1కి, 4కి ప్యానెల్ వెనక వేడీ, ఇన్వర్టర్ యాప్‌లో వాట్లూ రాయండి. వైర్ల జోలికి వెళ్ళొద్దు, చల్లబరుద్దామని కాలే ప్యానెల్ అద్దం మీద నీళ్ళు కొట్టొద్దు, పగలొచ్చు. ఆ కాగితం దాచుకోండి, పంపు ఎన్ని డిగ్రీలకి ఆన్ అవ్వాలో వచ్చే పాఠంలో దాన్ని చూసే సెట్ చేస్తాం.