పసిపిల్లలకు ఆన్‌లైన్‌లో అరబ్బీ: పాఠానికి ముందు జాగ్రత్తలు

అన్నిటికంటే ముందు చూసుకోవలసింది శబ్దం. ‘స’ను పోలిన సీన్, సాద్ అనే రెండు అరబ్బీ అక్షరాలకు గల తేడా, గొంతు లోపలి నుంచి పలికే ఐన్ అనే అక్షరం ధ్వని నాసిరకం మైకులో స్పష్టంగా వినిపించవు కాబట్టి, ఉపాధ్యాయుడూ బిడ్డా ఇద్దరూ హెడ్‌సెట్ పెట్టుకుని, పరిసరాల చప్పుడును తగ్గించే సెట్టింగు ఈ సన్నని ధ్వనులను కూడా మింగేస్తున్నదేమో పరీక్షించుకోవాలి.

అరబ్బీలోని 28 అక్షరాలను కుడి నుంచి ఎడమకు రాస్తారు. వాటిలో చాలావాటి రూపం పదంలోని స్థానాన్ని బట్టి మారుతుంది. తెరపై తన పలక తనకే అద్దంలోలా తిరగబడి కనిపిస్తే, రాసే దిశ ఇంకా కుదురుకోని పసివాడు తికమకపడతాడు కనుక ఆ అమరికను ముందే ఆపివేయాలి. చూపించబోయే పేజీలో హ్రస్వ అచ్చులను తెలిపే ఫత్హా (అ), కస్రా (ఇ), దమ్మా (ఉ) గుర్తులు చెదరకుండా కనిపిస్తున్నాయో లేదో కూడా చూడాలి. అవి లేకపోయినా పెద్దలు సందర్భాన్ని బట్టి చదువుకోగలరు గాని, కొత్తగా నేర్చుకునే పిల్లలు చదవలేరు.

ఖుర్‌ఆన్ పారాయణం కూడా నేర్పించదలిస్తే, ఉపాధ్యాయునికి తజ్వీద్ (ఖుర్‌ఆన్‌ను సరైన ఉచ్చారణతో చదివే పద్ధతి) నియమాలు తెలుసో లేదో తల్లిదండ్రులు ముందుగానే విచారించుకోవాలి. ఉపాధ్యాయుడూ బిడ్డా వేర్వేరు దేశాలలో ఉన్నప్పుడు నమాజు వేళలు కలవవు, కాబట్టి ఇరువైపుల సమయాలనూ చూసి పాఠం వేళ నిర్ణయించుకోవాలి.

పాఠం సాగినంతసేపు ఇంటి పెద్దలలో ఒకరు అదే గదిలో ఉండాలి. రికార్డు చేయడానికి వారి అనుమతి తప్పనిసరి.