బెయిట్‌కాస్టింగ్ రీళ్లను పోల్చడం ఎలా: దూరం, మన్నిక

చేపలు పట్టే రాడ్డుకు బిగించి, గాలపు దారం (లైను) చుట్టుకునే బెయిట్‌కాస్టింగ్ రీళ్లు రెండు పక్కపక్కన పెట్టి ఏది దూరం వేస్తుందో తేల్చే ముందు ఒకటి చూడాలి. రెండింటిలోనూ ఒకే లైను, ఒకే మట్టానికి చుట్టి ఉందా? లేకపోతే ఆ పోలిక పనికిరాదు. విసురుకు బలం ఇచ్చేవి రాడ్డు, చెయ్యి. రీలు తన వంతుగా ఒక్క మీటరు కూడా కలపదు. వచ్చిన బలంలో ఎంత తను మింగుతుందనేదే దానికీ పక్క రీలుకూ తేడా. కాబట్టి వెతకాల్సింది, ఏది ఎక్కడ మింగుతోందని.

స్పూలు

ఈ రకం రీళ్లలో విసిరినప్పుడు లైను చుట్టి ఉండే స్పూలే తిరుగుతుంది. లూరు (కృత్రిమ ఎర) సెకనుకు 30 మీటర్ల వేగంతో బయల్దేరితే, నిండుగా ఉన్న 34 మి.మీ. స్పూలు ఆ క్షణంలో నిమిషానికి దాదాపు 17,000 చుట్ల వేగం అందుకోవాలి. లూరు గాలిలో నెమ్మదించగానే స్పూలూ నెమ్మదించాలి. మొదటి పని సరిగ్గా జరక్కపోతే దూరం తగ్గుతుంది. రెండోది జరక్కపోతే లూరు లాగే దానికంటే ఎక్కువ లైను వదిలేసి స్పూలు మీద చిక్కు పడుతుంది. రెండింటికీ మూలం ఒక్కటే: స్పూలు మీద ఎంత బరువుంది, అది ఇరుసుకు ఎంత దూరంలో ఉంది. దూరం రెట్టింపైతే ఆ బరువును తిప్పడం నాలుగింతలు కష్టం. లైను ఉండేది అంచు దగ్గరే కాబట్టి స్పూలు లోహం బరువు ఎంత ముఖ్యమో లైను బరువూ అంతే ముఖ్యం.

ఇక్కడ లెక్క వేసి చూస్తే చాలామంది ఆశ్చర్యపోతారు. 0.33 మి.మీ. ఫ్లోరోకార్బన్ లైను 100 మీటర్లు దాదాపు 15 గ్రాములు తూగుతుంది. అదే మందం నైలాన్ 10 గ్రాముల లోపే. 0.23 మి.మీ. అల్లిక లైను సుమారు 4 గ్రాములు. చాలా స్పూళ్లు ఖాళీగా తూగేదే 10 నుంచి 20 గ్రాములు. అంటే ఒక రీల్లో ఫ్లోరోకార్బన్, ఇంకో రీల్లో అల్లిక లైను వేసి పోల్చినవారు తూచింది లైన్లను, రీళ్లను కాదు.

స్పూలు వ్యాసం లూరు బరువును బట్టి ఎంచుకోవాలి. 3 నుంచి 7 గ్రాముల లూర్లకు 28–30 మి.మీ. లోతు తక్కువ స్పూలు. 10 నుంచి 20 గ్రాములకు 33–34 మి.మీ.; అంతకు మించితే 36–38 మి.మీ. లేదా ఇంకా పెద్దది. పెద్ద స్పూలు అదే దూరానికి తక్కువ చుట్లు తిరుగుతుంది, లైను బయటికి పోయేకొద్దీ వ్యాసం అంత త్వరగా తగ్గిపోదు. బరువైన లూరుతో అందుకే అది గెలుస్తుంది. 5 గ్రాముల లూరు మాత్రం దాన్ని కదిలించలేక తంటాలు పడుతుంది. కాబట్టి ‘ఈ రీలు దూరం వేస్తుంది’ అన్న మాటకు, ఎన్ని గ్రాములతో అన్నది చెప్పకపోతే, అర్థం లేదు.

లైను అంచుకు 2–3 మి.మీ. కింద వరకు చుట్టండి. తేలిక లూర్లకు ఇంకొంచెం తక్కువే మేలు. అల్లిక లైనును నేరుగా నున్నటి స్పూలుకు కట్టొద్దు, మొత్తం చుట్ట జారి తిరుగుతుంది. కింద కొన్ని మీటర్ల నైలాన్ చుట్టి, దాని మీద కట్టాలి.

బ్రేకు

సెంట్రిఫ్యూగల్ బ్రేకులో చిన్న దిమ్మలు స్పూలు వేగానికి బయటికి విసురుకుని డ్రమ్మును రాస్తాయి. పట్టు వేగపు వర్గంతో పెరుగుతుంది. అంటే మొదట్లో గట్టిగా పట్టి, వేగం తగ్గగానే దాదాపు వదిలేస్తుంది. చివరి పదిహేను మీటర్లు స్పూలు స్వేచ్ఛగా తిరుగుతుంది కాబట్టి దూరం బాగుంటుంది, కానీ ఎదురుగాలిలో అదే చివరి భాగం బొటనవేలికి పరీక్ష. షిమానో కంపెనీ ఎస్‌వీఎస్ బ్రేకు ఈ కుటుంబమే.

అయస్కాంతపు బ్రేకులో ఏదీ రాసుకోదు. అల్యూమినియం స్పూలు అయస్కాంతం దగ్గర తిరుగుతుంటే అందులో పుట్టే సుడి విద్యుత్తు స్పూలును వెనక్కి లాగుతుంది. పట్టు వేగంతో సమానంగా పెరుగుతుంది, తగ్గినా మెల్లగా తగ్గుతుంది. చిక్కులు తక్కువ, చివర్లో కొంచెం దూరం పోతుంది. ఈ లోపం తగ్గించడానికే దైవా కంపెనీ ఎస్‌వీ స్పూళ్లలో స్పూలు పక్క చిన్న భాగం వేగంలో ఉన్నప్పుడే అయస్కాంత క్షేత్రంలోకి జరిగి, నెమ్మదించగానే స్ప్రింగు మీద వెనక్కి వస్తుంది. షిమానో డీసీ బ్రేకులో స్పూలు తిరుగుడు నుంచే కరెంటు పుట్టించుకుని, చిన్న ప్రాసెసరు బ్రేకును నియంత్రిస్తుంది; బ్యాటరీ అక్కర్లేదు. ఎదురుగాలిలో, అలసిన చేతితో డీసీ ఇచ్చే నిలకడ నిజమైనదే. నిశ్చలమైన గాలిలో, నేర్పరి బొటనవేలు ఉన్నవారికి మంచి సెంట్రిఫ్యూగల్ రీలు కంటే అది ఎక్కువ దూరం వేస్తుందని ఆశించి కొనొద్దు.

పోల్చే ముందు రెండు రీళ్లనూ ఒకే పద్ధతిలో సెట్ చేయాలి. హ్యాండిల్ పక్కనున్న టెన్షన్ మూతను వదులు చేసి, స్పూలును బొటనవేలితో పక్కలకు కదపండి. కదలిక వినపడీ వినపడనట్టు ఆగేదాకా మూత బిగించి, అక్కడే ఆపేయండి. ‘లూరు మెల్లగా జారి నేలను తాకేదాకా’ బిగించే పాత పద్ధతి నేర్చుకునేవారికి మంచిదే కానీ, పోలికకు పనికిరాదు. మూత ఇరుసు చివరను నొక్కి విసురు మొదటి నుంచి చివరి దాకా రాపిడి పెడుతుంది కాబట్టి మంచి రీలుకూ నాసి రీలుకూ తేడా కప్పేస్తుంది. తర్వాత బ్రేకును గరిష్ఠంలో పెట్టి, రెండు మూడు విసుర్లకు ఒక గీత తగ్గిస్తూ రండి. స్పూలు మీద లైను వదులుగా లేవడం కనిపించిన చోట నుంచి ఒక గీత వెనక్కి రండి. అదే ఆ రీలు పరీక్ష స్థానం.

బేరింగుల సంఖ్య గురించి ఒక్క మాట. విసురు దూరంతో సంబంధం ఉన్నవి స్పూలును మోసే రెండు, మహా అయితే మూడు. పెట్టె మీద ‘10 బేరింగులు’ అని ఉంటే మిగతావి హ్యాండిల్ గుబ్బల్లోనో, గేరు ఇరుసులోనో ఉంటాయి. సిరామిక్ గుండ్లున్న బేరింగులు తేలిక లూర్లతో కొంత తేడా చూపిస్తాయి, బదులుగా చప్పుడు చేస్తాయి. వేలితో తిప్పితే స్పూలు ఎంతసేపు తిరిగిందో గడియారం పెట్టి చూసే పరీక్షను మాత్రం నమ్మొద్దు. నూనె లేని పొడి బేరింగు అందులో ఎప్పుడూ గెలుస్తుంది. బరువైన స్పూలూ ఎక్కువసేపే తిరుగుతుంది, అది మనకు కావాల్సిన గుణం కాదు.

లైనును స్పూలు మీద సమంగా పరుస్తూ అటూ ఇటూ కదిలే లైను గైడు రంధ్రం చిన్నదై, స్పూలుకు మరీ దగ్గరగా ఉంటే, స్పూలు చివరల నుంచి వచ్చే లైను పదునైన కోణంలో వంగి రాసుకుంటుంది. దైవా టీ వింగ్‌లో విసిరేటప్పుడు రంధ్రం వెడల్పు వైపు తెరుచుకునేది ఇందుకే. తీరం నుంచి దూరపు విసుర్ల పోటీల్లో వాడే ఆబు గార్సియా 6500 సీటీ తరహా రీళ్లు గైడునే తీసేశాయి, అప్పుడు లైనును వేలితో సర్ది చుట్టుకోవాలి.

మైదానంలో పరీక్ష

గడ్డి నేల, 100 మీటర్ల టేపు, మేకులు, హుక్కులు లేని రెండు ప్లగ్గు లూర్లు (10 గ్రాములది, 18 గ్రాములది), ఒకే రాడ్డు. ముందు ఎవరూ ఉండకూడదు. లైను తెగితే 18 గ్రాములు బుల్లెట్‌లా పోతుంది. నీటి మీద చేసి హ్యాండిల్ చుట్లు లెక్కపెట్టే పద్ధతి తప్పు లెక్క ఇస్తుంది. 34 మి.మీ. నిండు స్పూలు 7:1 గేరుతో (హ్యాండిల్ ఒక చుట్టుకు స్పూలు ఏడు చుట్లు) హ్యాండిల్ చుట్టుకు దాదాపు 75 సెం.మీ. లాగుతుంది. కానీ లైను పోయాక స్పూలు సన్నబడి ఉంటుంది కాబట్టి మొదటి చుట్లు అంత లాగవు. చుట్లను 75 తో గుణిస్తే లేని దూరం వస్తుంది.

లైనును తడి గుడ్డలోంచి లాగి తడపండి. నీటి దగ్గర అది ఎలాగూ తడిసే ఉంటుంది. ఒక్కో రీలుతో అయిదు విసుర్లు లెక్కలోకి తీసుకోకుండా వేయండి. చుట్టలో పడుకుని ఉన్న నైలాన్ సాగేదాకా మొదటివి ఎప్పుడూ తక్కువే పడతాయి. తర్వాత మొదటి రీలుతో మూడు, రెండోదానితో ఆరు, మళ్లీ మొదటిదానితో మూడు. ఇలా రెండు ఆవృత్తులు, అంటే ఒక్కో రీలుకు పన్నెండు. గాలి మారినా, చెయ్యి అలసినా రెండింటికీ సమానంగా తగులుతుంది. ఒక రీలుతో మొత్తం వేసి తర్వాత రెండోది అందుకుంటే, రెండోది అలసిన చేతి పాలవుతుంది.

ప్రతి విసురూ రాయండి, చిక్కు పడి 20 మీటర్లకే ఆగినదీ రాయండి. సగటు వద్దు, పన్నెండింటినీ వరసలో పెట్టి మధ్యవి రెండూ చూడండి, పక్కన అతి తక్కువది, చిక్కుల సంఖ్య రాసుకోండి. ఉదాహరణకు ఒక రీలు మధ్య దూరం 46 మీటర్లు, అతి తక్కువ 43, చిక్కులు సున్నా. ఇంకోటి మధ్య దూరం 49, అతి తక్కువ 22, చిక్కులు మూడు. మొదటి రీలే కొనాలి. ఒక చిక్కు విప్పడానికి పట్టే కాలంలో పది విసుర్లు పోతాయి. ఆ తర్వాత అంతా ఎదురుగాలికి తిరిగి, బ్రేకు ముట్టకుండా మళ్లీ వేయండి. రీళ్ల అసలు రంగు అక్కడ బయటపడుతుంది.

పాడయ్యేది ఎక్కడ

దూరం ఒక్క మధ్యాహ్నంలో తేలిపోతుంది. మన్నిక అలా తేలదు, కానీ ఎక్కడ చూడాలో తెలిస్తే కొట్టు బల్ల దగ్గరే సగం తెలుస్తుంది.

మొదట యాంటీ రివర్స్, అంటే హ్యాండిల్ వెనక్కి తిరగకుండా ఆపే భాగం. స్పూలును గట్టిగా పట్టుకుని, డ్రాగ్ (చేప బలంగా లాగితే లైనును రాపిడితో వదిలే అమరిక) బిగించి, హ్యాండిల్‌ను వెనక్కి ఇరవై సార్లు కుదుపుతో నొక్కండి. ఒక్కసారి జారినా అనుమానించాలి. లోపల చిన్న రోలర్లు సన్నని స్ప్రింగుల మీద ఇరుక్కుని పట్టుకుంటాయి. అక్కడ గ్రీజు చేరినా, నూనె ఎక్కువైనా, చలికి గ్రీజు గట్టిపడినా రోలర్లు స్థానంలోకి రావు, హ్యాండిల్ గిర్రున వెనక్కి తిరుగుతుంది. అరిగిపోయి చెడేదానికంటే శ్రద్ధ పెరిగి చెడేదే ఎక్కువ. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, ఆరనిచ్చి, పలుచటి నూనె తడి అంటించి వదిలేస్తే చాలు.

క్లచ్ బారును (విసరడానికి స్పూలును వదిలే మీట) యాభై సార్లు నొక్కి, హ్యాండిల్ తిప్పి వదలండి. నొక్కితే నిలవకపోవడం, విసురు మధ్యలో తిరిగి పట్టేయడం రెండూ ప్రమాదమే. రెండోదైతే లూరు తెగి ఎగిరిపోతుంది. ఉప్పు పేరుకోవడం, స్ప్రింగు అలసట, పినియన్‌ను (స్పూలును తిప్పే చిన్న గేరును) ఎత్తే ప్లాస్టిక్ ముక్క అరుగుదల, కారణాలు ఇవే.

తర్వాత ఫ్రేము. డ్రాగ్ బిగించి లైనును 3–4 కిలోల బరువుకు కట్టి చుట్టండి. ఖాళీగా మెత్తగా తిరిగిన గేరు బరువు పడగానే గరగరలాడితే ఫ్రేము వంగి పళ్లు పక్కకు జరుగుతున్నాయని అర్థం. అల్యూమినియం ఫ్రేము ఇక్కడ నిలుస్తుంది. మెగ్నీషియం తేలికే, కానీ పూత లేచిన చోట ఉప్పునీరు దాన్ని తినేస్తుంది. స్పూలు అంచుకూ ఫ్రేముకూ మధ్య సందు చూడండి. 0.16 మి.మీ. లైను కొస అందులోకి దూరితే నీటి దగ్గర అది వందసార్లు దూరుతుంది, ఇరుసుకు చుట్టుకుంటుంది.

డ్రాగ్‌ను స్ప్రింగు త్రాసుతో లాగి, లైను తెగే బలంలో నాలుగో వంతుకు పెట్టండి. కదలడం మొదలయ్యేటప్పటి సంఖ్యకూ కదులుతున్నప్పటి సంఖ్యకూ తేడా ఎక్కువుంటే వాషర్లు అంటుకుపోతున్నాయి. పెద్ద చేప మొదటి పరుగులో లైను తెగేది ఈ కుదుపుకే.

గైడును నడిపే మర చీలికలో ఇసుక చేరితే అందులో నడిచే చిన్న పంటి ముక్క అరిగి, గైడు ఒక చివర ఆగిపోతుంది. అక్కడ గ్రీజు పెడితే ఇసుకను అదే పట్టి ఉంచుతుంది. బ్రష్షుతో రుద్ది నూనె వేయడం మేలు. ఆ ముక్క చౌక, విడిగా దొరికితే. కొనేముందు ఆ మోడల్‌కు భాగాల నంబర్లతో పటం ఉందో లేదో చూడండి. లేకపోతే పంటి ముక్క ఒకటి పోతే రీలే పోయినట్టు.

ఉప్పునీటి నుంచి రాగానే డ్రాగ్ బిగించి, మెల్లని మంచినీటి ధార కింద కడగండి. పైపు ఒత్తిడితో కొడితే ఉప్పు ఇంకా లోపలికి పోతుంది. ఆరాక డ్రాగ్ వదులు చేసి పెట్టాలి. స్పూలు బేరింగుకు ఒక్క చుక్క నూనె చాలు, మిగిలింది తుడిచేయాలి. సెంట్రిఫ్యూగల్ రీలులో ఆ నూనె డ్రమ్ము మీదికి పాకితే దిమ్మలు పట్టు కోల్పోతాయి, నిన్నటి గీత దగ్గర ఈరోజు చిక్కు పడుతుంది. అందుకే నూనె వేసిన ప్రతిసారీ బ్రేకును గరిష్ఠం నుంచి మళ్లీ తగ్గించుకుంటూ రావాలి.