మోల్ లెక్క కీతో కలవట్లేదా? మీ జవాబును కీ జవాబుతో భాగించి చూడండి

ఇంటర్ ఫస్టియర్ స్టాయికియోమెట్రీలో (రసాయన చర్యలో ఏది ఎంత పోతుంది, ఏది ఎంత వస్తుంది అనే లెక్కల్లో) జవాబు కలవకపోతే చాలామంది లెక్క మొత్తం కొట్టేసి మళ్లీ మొదలుపెడతారు. అదే తప్పు అదే మెట్టులో మళ్లీ చేస్తారు, అదే జవాబు మళ్లీ వస్తుంది. దాని బదులు మీ జవాబును కీలో ఉన్న జవాబుతో భాగించండి. వచ్చిన అంకెను బట్టి తప్పు ఎక్కడ ఉందో చాలావరకు పట్టేయొచ్చు.

అంతకంటే ముందు ఒక్క పని: సమీకరణం తుల్యం అయిందా, అంటే ప్రతి మూలకం పరమాణువులూ రెండువైపులా సమానంగా ఉన్నాయా? ఎన్నిసార్లు చెప్పినా దాటేసేది దీన్నే. ప్రశ్నలో సమీకరణం ఇచ్చారు కాబట్టి తుల్యం చేసే ఇచ్చారనుకోవద్దు, చెయ్యకుండా ఇవ్వడం మామూలే. కార్బన్, హైడ్రోజన్ సరిచూసి ఆగిపోకుండా ఆక్సిజన్ పరమాణువులను చివర్న లెక్కపెట్టండి. ప్రొపేన్ దహనంలో 1 ప్రొపేన్‌కి 5 ఆక్సిజన్ పోతే 3 కార్బన్ డయాక్సైడ్, 4 నీరు వస్తాయి. ఎడమవైపు ఆక్సిజన్ పరమాణువులు 10, కుడివైపు 6+4. కలిసింది కాబట్టి ముందుకు వెళ్లొచ్చు.

నిష్పత్తి సరిగ్గా 2 లేదా సగం

పరమాణువులకూ అణువులకూ తేడా చూడలేదు. 71 గ్రాముల క్లోరిన్ అంటే 1 మోల్ అణువులు, 2 మోల్‌ల పరమాణువులు. ప్రశ్నలో "ఎన్ని పరమాణువులు" అని ఉందో "ఎన్ని అణువులు" అని ఉందో మళ్లీ చదవండి.

1000 లేదా 0.001

మిల్లీలీటర్లను లీటర్లలోకి మార్చలేదు. ఇంతకుమించి ఏమీ లేదు.

దాదాపు 101

వాయు సమీకరణంలో పీడనం అట్మాస్ఫియర్లలో, ఘనపరిమాణం లీటర్లలో పెట్టి వాయు స్థిరాంకం ఆర్ విలువ మాత్రం 8.314 వేశారు. ఆ యూనిట్లకు 0.0821 వాడాలి.

1.013, 1.09

మొదటిది 22.4, 22.7 గొడవ. 273.15 కెల్విన్, 1 అట్మాస్ఫియర్ దగ్గర ఆదర్శ వాయువు 1 మోల్‌కి 22.4 లీటర్లు, 1 బార్ దగ్గర 22.7. ప్రశ్న ఏ పీడనం అంటే అది వాడండి. 1.09 వస్తే 25 డిగ్రీల దగ్గర ఉన్న వాయువుకి 22.4 వేసేశారని అర్థం.

1.4 లేదా 0.71

ఆక్సాలిక్ ఆమ్లం లెక్క అయితే స్ఫటిక జలం మర్చిపోయారు. ల్యాబ్‌లో మామూలుగా ఉండే స్ఫటికాల్లో ఒక్కో అణువుకు రెండు నీటి అణువులు ఉంటాయి. మోలార్ ద్రవ్యరాశి 126, మీరు వేసింది 90. 250 మి.లీ. 0.05 మోలార్ (లీటరుకు 0.05 మోల్) ద్రావణానికి 1.575 గ్రాములు తూచాలి. 90తో లెక్కేస్తే 1.125 గ్రాములే తూస్తారు, ద్రావణం పలచనై టైట్రేషన్ అంతా పాడవుతుంది. మోర్ లవణానికి (ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేట్ స్ఫటికాలకు) కూడా ఇదే జబ్బు: 392 బదులు 284 వేస్తారు. సీసా మీది లేబుల్ చదవడానికి అర నిమిషం కూడా పట్టదు.

2.5 లేదా 0.4

ఆమ్ల యానకంలో పర్మాంగనేట్, ఆక్సాలిక్ ఆమ్లం టైట్రేషన్. 2 మోల్‌ల పర్మాంగనేట్‌కి 5 మోల్‌ల ఆక్సాలిక్ ఆమ్లం పోతుంది. మీరు రెండువైపులా మొలారిటీని ఘనపరిమాణంతో గుణించి నేరుగా సమానం చేసేశారు.

1.2, 1.5 లాంటి ఏదో అంకె: లిమిటింగ్ రియేజెంట్

లిమిటింగ్ రియేజెంట్ అంటే ముందుగా అయిపోయి చర్యను ఆపేసే క్రియాజనకం. అసలు దొంగ ఇదే. మోల్‌లు సరిగ్గా వస్తాయి, గుణకారంలో తప్పుండదు, పేజీ అంతా చూడ్డానికి నిక్షేపంగా ఉంటుంది.

అమ్మోనియా లెక్క తీసుకోండి: 1 నైట్రోజన్‌కి 3 హైడ్రోజన్ పోతే 2 అమ్మోనియా వస్తాయి. 56 గ్రాముల నైట్రోజన్, 10 గ్రాముల హైడ్రోజన్ ఇచ్చారు. అంటే 2 మోల్‌లు, 5 మోల్‌లు. "2 తక్కువ కదా, నైట్రోజనే లిమిటింగ్" అనేసి 4 మోల్‌ల అమ్మోనియా, 68 గ్రాములు అని రాసేస్తారు. తప్పు. మోల్‌లను నేరుగా పోల్చకూడదు. ఒక్కోదాన్ని సమీకరణంలో దాని ముందున్న అంకెతో, అంటే గుణకంతో, భాగించాకే పోల్చాలి. నైట్రోజన్ 2/1 = 2, హైడ్రోజన్ 5/3 = 1.67. తక్కువ వచ్చింది హైడ్రోజన్. అమ్మోనియా 1.67 × 2 = 3.33 మోల్‌లు, 56.67 గ్రాములు. 68ని 56.67తో భాగిస్తే 1.2.

కీ లేకుండా కూడా దీన్ని పట్టుకోవచ్చు. పాత్రలో వేసింది మొత్తం 66 గ్రాములు, మరి 68 గ్రాములు ఎక్కడి నుంచి వస్తాయి? సరైన లెక్కలో అమ్మోనియా 56.67, మిగిలిన నైట్రోజన్ 9.33, కలిపితే 66. ఇది చూసుకునే ఓపిక ఎవరికీ ఉండదు.

ఉత్పన్నాలు ఒకటి కంటే ఎక్కువ ఉంటే ఈ పరీక్షకు అన్నింటినీ కలపాలి. 160 గ్రాముల ఫెర్రిక్ ఆక్సైడ్, 56 గ్రాముల కార్బన్ మోనాక్సైడ్ ఇస్తే 1 మోల్, 2 మోల్‌లు. సమీకరణంలో 1 ఆక్సైడ్‌కి 3 మోనాక్సైడ్ పోతే 2 ఇనుము, 3 కార్బన్ డయాక్సైడ్ వస్తాయి. ఆక్సైడ్ లిమిటింగ్ అనుకుంటే ఇనుము 112 గ్రాములు. వేసింది 216 కాబట్టి అనుమానం రాదు. కార్బన్ డయాక్సైడ్ 132 కూడా కలిపితే 244 అయి తప్పు బయటపడుతుంది. గుణకం 3తో భాగిస్తే మోనాక్సైడ్ 0.67 మాత్రమే, కాబట్టి ఇనుము 74.67 గ్రాములు.

వాయువుల ఘనపరిమాణాలు ఇస్తే, ఉష్ణోగ్రత, పీడనం మారనంతవరకు మోల్‌లలోకి మార్చనక్కర్లేదు, లీటర్లనే గుణకాలతో భాగించండి. 10 లీటర్ల నైట్రోజన్, 24 లీటర్ల హైడ్రోజన్: 10, 8. హైడ్రోజన్ లిమిటింగ్, అమ్మోనియా 16 లీటర్లు, నైట్రోజన్ 2 లీటర్లు మిగులుతుంది. 34 లీటర్లు 18 అయ్యాయని కంగారుపడొద్దు, నిత్యత్వం ద్రవ్యరాశికే కానీ లీటర్లకు కాదు.

నిష్పత్తి పద్ధతికి కూడా చిక్కనిది ఒకటుంది. 50 మి.లీ. 0.2 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌కి 50 మి.లీ. 0.15 మోలార్ సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపారు. క్షారం 10 మిల్లీమోల్‌లు, ఆమ్లం 7.5. నేరుగా తీసేస్తే 2.5 మిల్లీమోల్‌ల క్షారం మిగిలిందని వస్తుంది. కానీ 1 మోల్ ఆమ్లానికి 2 మోల్‌ల క్షారం పోతుంది. క్షారం 10/2 = 5, ఆమ్లం 7.5. మిగిలింది 2.5 మిల్లీమోల్‌ల ఆమ్లం! రెండు దారుల్లోనూ 100 మి.లీ.లో 0.025 మోలారే వస్తుంది, కానీ లిట్మస్ రంగు తారుమారు. జవాబు కలిసిందని టిక్ పెట్టి వెళ్లిపోతే పీహెచ్ అడిగిన రోజు దొరికిపోతారు.

రెండు క్రియాజనకాల పరిమాణాలూ ఇస్తే ఈ భాగహారం తప్పనిసరి. "అధిక ఆక్సిజన్‌లో" అని ఉంటే అక్కర్లేదు.

మిగతావి

తేడా 1 శాతం లోపు ఉంటే క్లోరిన్‌కి 35.5 బదులు 35 వేశారేమో చూడండి. నిజ వాయువుల విచలనం ఈ స్థాయి లెక్కల్లో కారణం కాదు, అటు వెళ్లొద్దు. కీలో అచ్చుతప్పు ఉండొచ్చు, కానీ పైవన్నీ చూశాకే, మీ లెక్కలో ద్రవ్యరాశుల మొత్తం రెండువైపులా కలిస్తేనే ఆ మాట అనండి.