పెన్సిల్ పట్టుకుని వార్త చదవడం ఎలా?

2021 నవంబరులో తిరుపతికి వరద వచ్చినప్పుడు హైదరాబాదు నుంచి మా పిన్ని గంటకోసారి ఫోన్ చేసింది. "ఊరంతా మునిగిపోయిందంటనే, ఎట్టుండారు నాయనా?" అని ఒకటే టెన్షన్. పల్లపు కాలనీల వాళ్లు ఆ రోజుల్లో నరకం చూసిన మాట నిజం. మా వీధి మాత్రం మిట్ట, చుక్క నీరు నిలవలేదు. టీవీ అబద్ధమేమీ చెప్పలేదు. తిరుమల నడకదారి మెట్ల మీద నీళ్లు దూకే దృశ్యాన్నే తిప్పితిప్పి చూపించింది. పిన్నికి తిరుపతంటే అదే అయిపోయింది. మేడెక్కి వీడియో తీసి పంపితే గానీ కుదుటపడలేదు.

ఆ తర్వాత నేను పేపరు చదివే పద్ధతే మారింది. ఒక వారం మీరూ చేసి చూడండి. రెండు వేర్వేరు పేపర్లు, ఒక పెన్సిల్ చాలు.

1. ముందు చోటు చూడండి. మొదటి పేజీలో బ్యానరా, లోపల సింగిల్ కాలమా? 1968 అమెరికా ఎన్నికలప్పుడు మెకూంబ్స్, షా అనే ఇద్దరు పరిశోధకులు చాపెల్ హిల్ అనే ఊళ్లో ఎటూ తేల్చుకోని ఓటర్లను కలిశారు. పత్రికలు, టీవీ వేటికి ఎక్కువ చోటిచ్చాయో, ఓటర్లు కూడా దాదాపు వాటినే పెద్ద సమస్యలుగా చెప్పారు.

2. హెడ్డింగులో బరువైన మాట కింద గీత గీయండి. నాకు అన్నిటికంటే ముఖ్యం ఇదే. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో చిరుత దాడికి ఒక చిన్నపాప బలైంది. ఆ భయం న్యాయమైనది. కానీ శేషాచలం అడవి చిరుతలు ఉండే చోటే. కెమెరాకు చిరుత చిక్కినా "కలకలం", దాడి చేసినా "కలకలం" అని రాస్తే, చదివేవాళ్లకు రెంటికీ ఒకే దడ. గీసిన మాట తీసేసి, "కెమెరాలో కనిపించింది" అని మీరే రాసి మళ్లీ చదవండి. గుండె ఎంత తేలికపడుతుందో!

3. ఎవరు మాట్లాడారో లెక్కపెట్టండి. అధికారులు ఎందరు, నాయకులు ఎందరు, అక్కడ కాపురముండే వాళ్లు ఎందరు?

4. జిల్లా ఎడిషన్ హద్దు దాటండి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరే జిల్లా అయింది. చిత్తూరు మనకు 70 కిలోమీటర్లే, అయినా అక్కడి జిల్లా పేజీలు మన ఇంటికి రావు. మామిడి సీజన్‌లో అటునుంచి వచ్చే బంధువులను ఒక పేపరు తెమ్మనండి. తోతాపురి రేటుకు అక్కడెంత చోటుందో, మన పేజీల్లో ఎంతుందో పక్కపక్కన పెట్టి చూడండి.

5. వార్త వచ్చిన ఊళ్లో తెలిసినవాళ్లుంటే ఫోన్ చేయండి. ఊరి సంగతి అడిగితే వాళ్లూ టీవీలో చూసిందే చెబుతారు. గుమ్మంలోంచి ఏం కనబడుతోందో అడగండి. మా పిన్ని ఇప్పుడు తుఫాను వార్త రాగానే అడిగే మాట ఇదే: "మీ వీధిలో నీళ్లు ఎంతదాకా వచ్చినాయి నాయనా?"