టీకేఇంటర్‌లో విండోను తయారుచేసి తీర్చిదిద్దుకోవడం

అమీర్‌పేటలో పైతాన్ నేర్చుకుంటున్న మిత్రులు ఎక్కువగా అడిగేది, పైతాన్‌లో విండోలు తయారుచేసే టీకేఇంటర్ లైబ్రరీతో రాసిన ప్రోగ్రామ్ నడిపినా విండో ఎందుకు నిలవడం లేదని. ‘టీకే’ క్లాస్‌ను పిలిస్తే ప్రధాన విండో తయారవుతుంది గానీ, చివరి వరుసలో ‘మెయిన్‌లూప్’ను పిలిస్తేనే అది మౌస్ నొక్కులను, కీబోర్డు మీటలను అందుకుంటూ తెరపై నిలుస్తుంది. ‘టైటిల్’తో టైటిల్ బార్‌లో తెలుగు పేరే పెట్టుకోవచ్చు.

‘జియోమెట్రీ’కి వెడల్పు 400, ఎత్తు 300 పిక్సెళ్లుగా ఇచ్చి, వెంటనే కూడిక గుర్తులతో 100, 50 చేర్చితే, విండో తెర ఎడమ అంచుకు 100, పై అంచుకు 50 పిక్సెళ్ల దూరంలో తెరుచుకుంటుంది. పరిమాణాన్ని ‘రీసైజబుల్’తో బిగించేయడం కన్నా ‘మిన్‌సైజ్’తో కనీస కొలత నిర్ణయించడమే మేలని నా అభిప్రాయం, పెద్ద అక్షరాలు వాడేవారికి అదనపు చోటు కావాలి.

రెండో విండో కోసం మళ్లీ ‘టీకే’ను పిలిస్తే వేరే ఇంటర్‌ప్రెటర్ (విండో ఆదేశాలను అమలుచేసే లోపలి వ్యవస్థ) మొదలై, ఒక విండోకు చెందిన టీకేఇంటర్ చరరాశులు మరోదానిలో పనిచేయవు కనుక ‘టాప్‌లెవెల్’ వాడండి.