రంగప్రవేశానికి ముందు లెన్సులు: తల్లులకూ పిల్లలకూ నేను చెప్పేది

కూచిపూడిలో తరంగం అనే అంశం చేసేటప్పుడు రెండు పాదాలూ ఇత్తడి పళ్ళెం అంచు మీద ఉంటాయి, నెత్తిన నీళ్ళ చెంబు ఉంటుంది. కళ్ళద్దాలు పెట్టుకుని అది కుదరదు. తీసేస్తే, మైనస్ ఆరు పవర్ ఉన్న నాకు స్టేజీ అంచు ఎక్కడుందో కూడా సరిగా కనపడదు. అందుకే పంతొమ్మిదో ఏటి నుంచి కాంటాక్ట్ లెన్సులు వాడుతున్నాను. ఇప్పుడు విజయవాడలో కూచిపూడి నేర్పుతున్నాను. రంగప్రవేశం, అంటే పిల్లల తొలి ప్రదర్శన, దగ్గర పడిందంటే చాలు, "మేడమ్, పాపకి లెన్సులు ఎక్కడ కొనాలి?" అని తల్లులు అడుగుతారు. ఎక్కడన్నది తర్వాత చూద్దాం. ముందు పాప కంటికి కొలత తీయించండి.

నా మొదటి జత అలా కొనలేదు. కళ్ళద్దాల చీటీ కౌంటర్ మీద పెట్టాను, వాళ్ళు అదే పవర్ లెన్సులు డబ్బాలో పెట్టి ఇచ్చారు. నా కంటిని ఎవరూ చూడలేదు. రిహార్సల్ అయ్యేసరికి కణతలు పగిలిపోయేవి. పుస్తకం పట్టుకుంటే కళ్ళు లాగేవి. నెల తర్వాత కంటి పవర్ కొలిచే ఒక ఆప్టోమెట్రిస్ట్ గారు విడమరిచి చెప్పారు. కళ్ళద్దం కంటికి దాదాపు 12 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది, లెన్స్ నేరుగా కంటి మీదే కూర్చుంటుంది. అందుకని పవర్ నాలుగు దాటితే లెక్క మారుతుంది. కళ్ళద్దాల్లో మైనస్ 6.00 ఉన్న నాకు లెన్సులో 5.50 చాలట. పైగా నా కంటికి 1.25 సిలిండర్ (కంటి వంపు అన్ని వైపులా ఒకేలా లేకపోతే వచ్చే పవర్) కూడా ఉంది, మొదటి జతలో దాని ఊసే లేదు. సిలిండర్ ఉన్నవాళ్ళు దాన్ని సరిచేసే టోరిక్ లెన్సులు అడగాలి.

లెన్సుల చీటీలో పవర్‌తో పాటు బేస్ కర్వ్, డయామీటర్ అని ఇంకో రెండు అంకెలుంటాయి. నా చీటీలో 8.6, 14.2 అని ఉంటుంది. మొదటిది లెన్సు వంపు, రెండోది వెడల్పు. వంపు బిగుతైతే కన్ను ఎర్రబడుతుంది, వదులైతే రెప్ప వేసినప్పుడల్లా లెన్స్ జారుతుంది. ఒక కంపెనీ లెన్స్ సరిపోయిందని అవే అంకెలతో ఇంకో కంపెనీది కొనకండి. మెటీరియల్ వేరైతే కూర్చునే తీరు కూడా మారుతుంది.

ట్రయల్ లెన్స్ పెట్టాక వెంటనే లేచి వచ్చేయకండి. ఓ ఇరవై నిమిషాలు కూర్చోండి. నా శిష్యులతో అక్కడే దృష్టి భేదాలు, అంటే నాట్యంలోని చూపుల కదలికలు, చేయిస్తాను. సాచిలో కంటికొసకి చూడమంటాను, ఉల్లోకితంలో పైకి, అవలోకితంలో కిందికి, ఆలోకితంలో గుడ్డు చుట్టూ తిప్పమంటాను. మొన్న ఒక పాప ప్రలోకితం (చూపు ఇటూ అటూ తిప్పడం) చేసి ఎదురుగా బోర్డు చూస్తే అక్షరాలు అలుక్కుపోయాయి, రెండు మూడు సార్లు రెప్ప వేసినా తేటపడలేదు. టోరిక్ లెన్స్ తన చోటు తప్పి తిరిగిపోతోందన్నమాట. అక్కడికక్కడే వేరే రకం పెట్టించాం. మామూలుగా కుర్చీలో కూర్చుని ముందుకు చూసి వచ్చేస్తే ఈ సంగతి స్టేజీ మీద బయటపడేది.

ఇక ఒక్కరోజు పెట్టుకుని పారేసే రోజువారీవా (డైలీ), నెలవా? నెల లెన్సు అంటే ముప్పై సార్లు పెట్టుకోవచ్చని కాదు. సీలు విప్పిన రోజు నుంచి నెల. నాలుగే సార్లు పెట్టుకున్నా గడువు తీరితే పారేయాల్సిందే. నెలకి రెండు ప్రోగ్రాములు చేసే పిల్లకి డైలీ లెన్సులే మేలని నా అభిప్రాయం. పెట్టె ధర చూసి గుండె గుభేల్‌మంటుంది గానీ, సొల్యూషన్ ఖర్చు లేదు, డబ్బీ కడిగే పని లేదు. రెండు కళ్ళ పవర్ ఒకటే అయితే ముప్పై లెన్సుల పెట్టె పదిహేను ప్రదర్శనలకు వస్తుంది. వేరైతే రెండు పెట్టెలు కొనాలి.

డబ్బులు కట్టే ముందు పెట్టె మీది అంకెల్ని చీటీతో ఒక్కొక్కటిగా సరిచూడండి, ఎక్స్‌పైరీ చూడండి. రంగు లెన్సులకైనా, పవర్ లేనివైనా సరే, ఇదే కొలత, ఇదే చీటీ కావాలి. అక్కవి చెల్లి పెట్టుకోకూడదు.

నీళ్ళ విషయంలో మాత్రం నేను చాలా గట్టిగా ఉంటాను. కుళాయి నీళ్ళయినా, మినరల్ వాటరైనా లెన్సుకి తగలకూడదు. అకాంతమీబా అనే సూక్ష్మజీవి నీళ్ళలో ఉంటుంది, నల్లగుడ్డుకి పట్టిందంటే చూపుకే ముప్పు. చేతులు సబ్బుతో కడిగి, పూర్తిగా తుడుచుకున్నాకే లెన్స్ ముట్టుకోవాలి. వేలికొస మీద పెట్టి వెలుతురుకి చూడండి. అంచులు గిన్నెలా నిలబడితే సరైన వైపు, పళ్ళెంలా బయటికి విచ్చుకుంటే తిరగబడిందని గుర్తు.

ప్రోగ్రాం రోజు హెయిర్ స్ప్రే ముందు, తర్వాత లెన్సులు, ఆ తర్వాతే పాన్‌కేక్, కాటుక. కాటుక రెప్ప లోపలి అంచుకి రాయకండి, వెంట్రుకల బయట గీయండి. ప్రోగ్రాం అయ్యాక ముందు లెన్సులు తీసి, ఆ తర్వాత కొబ్బరి నూనెతో మేకప్ తుడవాలి. ఇంటికెళ్ళే దారిలో కారులో లెన్సులతోనే నిద్రపోయే పిల్లలున్నారు, అమ్మలూ, తీయించాకే బయల్దేరండి. కన్ను ఎర్రబడి నొప్పి పెట్టినా, వెలుతురు చూడలేకపోయినా వెంటనే తీసేసి అదే రోజు కళ్ళ డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. వాడిన లెన్సుల్ని, డబ్బీ ఉంటే దాన్ని కూడా పట్టుకెళ్ళండి.

గజ్జెల సంచిలో ఒక అదనపు జత, పాత కళ్ళద్దాలు, చిన్న అద్దం ఎప్పుడూ ఉండాలి. ప్రోగ్రాం ముందు రోజు సంచి విప్పించి నేనే చూస్తాను.