సాకర్ ప్రాక్టీస్ మళ్లీ మొదలవుతోంది: పిల్లల్ని మైదానానికి పంపే ముందు

ఇది 2021 ఫిబ్రవరిలో రాసింది, ఇందులోని రూల్స్, జాగ్రత్తలు అప్పటివే. కోవిడ్ వల్ల పోయిన ఏడాది మార్చిలో ఆగిపోయిన పిల్లల సాకర్ ఇప్పుడు మళ్లీ నిజంగా మొదలవుతోంది. రోజుకు లక్ష మందికి సగటున 14 కోవిడ్ కేసులకు మించని కౌంటీల్లో, 2021 ఫిబ్రవరి 26 నుంచి ఒకరినొకరు తాకుతూ ఆడే ఆటలు కూడా ఆరుబయట ఆడుకోవచ్చని కాలిఫోర్నియా ప్రభుత్వం చెప్పింది. ఆగస్టు నుంచి ఇప్పటిదాకా మన పిల్లలు చేసిందల్లా ఆరడుగుల దూరంలో నిలబడి, ఎవరి కోన్ల మధ్య వాళ్లు బాల్ తిప్పుకోవడమే. అది కూడా సెప్టెంబరులో అడవుల మంటల పొగతో కొన్నాళ్లు, డిసెంబరులో కేసులు పెరిగి కొన్నాళ్లు ఆగుతూ సాగింది. ఇకమీదట బాల్ కోసం ఒకరి కాళ్ల మధ్యకు ఒకరు వెళ్లొచ్చు. ఇంకో టీమ్‌తో మ్యాచ్ కూడా ఆడొచ్చు. ఈ కబురు విన్న రాత్రి మా అబ్బాయి జెర్సీ వేసుకునే పడుకున్నాడు.

నేను కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో పదేళ్ల లోపు పిల్లల టీమ్ ఒకదానికి మేనేజర్‌గా వాలంటీర్ చేస్తున్నాను. పన్నెండు మంది పిల్లల్లో ఐదుగురివి తెలుగు ఇళ్లు. ఈ వారమంతా ఫోన్లే. పంపొచ్చా, మాస్కుతో పరుగెత్తితే ఊపిరాడుతుందా, ఇంట్లో అమ్మమ్మ ఉంది ఎలా అని. ఒక్కొక్కరికీ విడిగా చెబుతున్నది ఒకచోట రాస్తే ఇంకొందరికి కూడా పనికొస్తుందనిపించింది. నేను డాక్టర్‌ని కాను. రూల్స్ చదివి, మా పిల్లల డాక్టర్‌ని అడిగి, ఆరు నెలలుగా మైదానం గేటు దగ్గర నిలబడి చూసి తెలుసుకున్నవే ఇవి.

నన్ను అడిగేవాళ్లలో ఎక్కువమంది భయం బాల్ గురించి. అందరి కాళ్లకూ తగిలిన బాల్ కదా, శానిటైజర్‌తో తుడుస్తారా అని. నా భయం మాత్రం కారు గురించి. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు పోయిన వేసవిలో దేశమంతటా ఉన్న యూత్ సాకర్ క్లబ్బుల నుంచి వివరాలు తెప్పించి చూశారు. అందులో సుమారు 90 వేల మంది పిల్లలున్నారు. కోవిడ్ వచ్చిన పిల్లలున్నారు కానీ, ఆటలోనే అంటుకుందని క్లబ్బులు చెప్పిన సందర్భాలు చాలా చాలా అరుదు. బయట గాలి తిరుగుతుంది, పిల్లలు ఒకరి పక్కన ఒకరు ఎక్కువసేపు నిలబడరు. అద్దాలు ఎత్తేసిన మినీవ్యాన్‌లో అరగంట కూర్చోవడం అలా కాదు.

నవంబరులో మా టీమ్‌లోనే చూశాం. దీపావళికి ఒక ఇంట్లో నాలుగు కుటుంబాలు కలిశాయి. తర్వాతి వారం ఒక బాబుకు పాజిటివ్. ఆ బాబుతో మైదానంలో ఆడిన పిల్లలెవరికీ రాలేదు. కార్‌పూల్‌లో, అంటే రెండు మూడు ఇళ్ల పిల్లలు ఒకే కారులో వెళ్లేటప్పుడు, వెనక సీట్లో పక్కన కూర్చున్న ఇద్దరికి వచ్చింది. ఇద్దరూ బాగానే కోలుకున్నారు కానీ, వాళ్లలో ఒకరి తాతగారు పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నారు.

అందుకే ఈ సీజన్‌కు కార్‌పూల్ వద్దని అందరినీ బతిమాలుతున్నాను. ఆఫీసు మీటింగులు సాయంత్రం ఐదు దాకా ఉంటాయి, ఇద్దరు పిల్లలకు రెండు మైదానాలు, కష్టమని తెలుసు. తప్పనిసరైతే ఎప్పుడూ ఆ ఒక్క ఇంటితోనే కలపండి, వారానికో ఇల్లు మార్చకండి. కారులో అందరికీ మాస్కు ఉండాలి, డ్రైవ్ చేసేవాళ్లకు కూడా. ఎదురెదురు మూలల అద్దాలు కనీసం రెండు వేళ్ల మందం దించి ఉంచండి. బయటి గాలి లోపలికి వచ్చే బటన్ నొక్కండి, కారులోని గాలే తిరిగేది వద్దు. చలిగా ఉంటే స్వెటర్ వేయండి. కారులో తినడం, తాగడం వద్దు, ఎందుకంటే అప్పుడు మాస్కు తీస్తారు.

కారు తర్వాత నాకు టెన్షన్ పెట్టేది సైడ్‌లైన్, అంటే మైదానం అంచున పెద్దవాళ్లు నిలబడే చోటు. పిల్లలు దూరం దూరంగా ఉంటారు, మనమేమో గుంపుగా నిలబడి కబుర్లలో పడతాం. ఏడాదిగా మనిషి మొహం చూడక అలా అవుతుంది, అర్థం చేసుకోగలను. కానీ ఈ 2021 రూల్ ప్రకారం చూడటానికి రావాల్సింది ఆ పిల్లవాడి ఇంటివాళ్లే, అది కూడా పిల్లల్ని కనిపెట్టుకుని ఉండటానికి అవసరమైనంత మందే. మన పిల్లల వయసుకు ఇంటికొకరు చాలు. మిగతావాళ్లు కారులోనే ఉండండి. చినుకు పడితే అందరూ ఒకే టెంట్ కిందకు దూరొద్దు, గొడుగు తెచ్చుకోండి. పుట్టినరోజు డోనట్లు, ప్రాక్టీస్ అయ్యాక పంచుకునే నారింజ ముక్కలు ఈ సీజన్‌లో లేవు. చిన్నవాళ్లకు అదే పెద్ద లోటు, ముందే చెప్పి ఉంచండి.

ఇక ఇంట్లో పెద్దవాళ్లు. ఈ విషయం దగ్గరే నేను ఎక్కువసేపు ఆగుతున్నాను. పోయిన మార్చిలో విమానాలు ఆగిపోయినప్పుడు ఆరు నెలల కోసం వచ్చిన అమ్మానాన్నలు ఇక్కడే ఉండిపోయిన ఇళ్లు మనలో చాలా ఉన్నాయి. భారత ప్రభుత్వం నడిపిన వందే భారత్ విమానాలు మొదలయ్యాక కొందరు వెళ్లారు, కొందరు ప్రయాణానికి భయపడి ఉండిపోయారు. చాలామందికి బీపీ, షుగర్. విజిటర్ ఇన్సూరెన్స్ ఏం కవర్ చేస్తుందో ఆసుపత్రి బిల్లు వచ్చేదాకా తెలియదు. పాలసీ కాగితాలు ఈరోజే తీసి కోవిడ్ ఉందో లేదో చూడండి.

65 దాటినవాళ్లకు కాలిఫోర్నియాలో ఈ 2021 జనవరి నుంచి కోవిడ్ టీకా ఇస్తున్నారు. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లకు ఇవ్వరేమోనని ఇద్దరు ముగ్గురు ఇంకా బుక్ చేయలేదని తెలిసి నాకు గుండె ఆగినంత పనైంది. వీసా ఏదన్నది టీకాకు అడ్డం కాదు, వయసు చాలు. స్లాట్ దొరకడం కష్టమే, రోజూ పొద్దున్నే ప్రయత్నించండి. రెండో డోసు అయ్యి రెండు వారాలు దాటితేనే పూర్తి రక్షణ లెక్క. మీ అమ్మగారి తేదీలు చూసుకుని, బాబు ప్రాక్టీస్‌ను దానికి తగ్గట్టు నాలుగు వారాలు వెనక్కి జరపడం తప్పేం కాదు. ఇంట్లో డయాలసిస్‌లో ఉన్నవాళ్లో, కీమో నడుస్తున్నవాళ్లో ఉంటే నేనైతే ఆగుతాను. కోచ్‌తో మాట్లాడాను, ఆలస్యంగా వచ్చిన పిల్లల చోటు ఎక్కడికీ పోదు. ఆగినవాళ్లను భయస్థులని, పంపినవాళ్లను బాధ్యత లేనివాళ్లని ఎవరూ అనొద్దు. ఎవరి ఇంట్లో ఎవరున్నారో వాళ్లకే తెలుసు.

ప్రాక్టీస్ నుంచి రాగానే స్నానం చేయించడం మన ఇళ్లలో అలవాటే, మంచిదే. కానీ ఈ జబ్బు ఎక్కువగా ఊపిరితో వస్తుంది, సబ్బుతో అంతా పోదు. మా ఇంట్లో మనవడు అమ్మమ్మ పక్కనే పడుకునేవాడు. టీకా పూర్తయ్యేదాకా వాడి పడక మా గదిలోకి మార్చాం. మొదటి రెండు రాత్రులు ఇద్దరూ ఏడ్చారు. పగలు కలిసి పెరట్లో కూర్చుంటారు, కథలు అక్కడే.

ఇప్పుడు పుప్పొడి కాలం కూడా వచ్చింది. మా బే ఏరియాలో (శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల) ఫిబ్రవరి చివరికి చెట్లు పూస్తాయి, సగం మంది పిల్లలకు ముక్కు కారుతుంది. ఎలర్జీయా, కోవిడా? కళ్లు దురద, తుమ్ములు, ప్రతి ఏడూ ఇదే నెలలో వచ్చేవి, జ్వరం లేకపోవడం ఇవన్నీ ఎలర్జీ వైపు. జ్వరం, ఒళ్లు నొప్పులు, వాసన తెలియకపోవడం, విరేచనాలు ఎలర్జీ కాదు. దగ్గు, గొంతు నొప్పి మాత్రం రెండిట్లోనూ ఉంటాయి, అందుకే కొత్తగా వస్తే టెస్టు చేయించాకే పంపండి. ఎలర్జీ ఉన్న పిల్లలకు డాక్టర్ చెప్పిన మందు ఇప్పుడే మొదలుపెడితే రోజూ ఈ అయోమయం తప్పుతుంది. ఉబ్బసం ఉంటే ఇన్‌హేలర్ బ్యాగులోనే ఉండాలి, కోచ్‌కు ఏ జేబులో ఉందో తెలియాలి. దయచేసి టైలనాల్ వేసి జ్వరం తగ్గించి ప్రాక్టీస్‌కు పంపకండి. ఒక్కసారి జరిగినా మొత్తం టీమ్ ఆగిపోతుంది.

అమెరికన్ ఫుట్‌బాల్, రగ్బీ, వాటర్ పోలో ఆడే 13 ఏళ్లు, ఆపై పిల్లలకు కేసులు ఎక్కువున్న కౌంటీల్లో వారం వారం టెస్టు పెట్టారు. సాకర్‌కు ఆ రూల్ లేదు. కాబట్టి బయల్దేరే ముందు ఇంట్లో మీరు నుదురు ముట్టుకుని, థర్మామీటర్ పెట్టి చూసేదే మాకు ఆధారం. 100.4 డిగ్రీలు, ఆపైన ఉంటే ఇంట్లోనే.

ఈ చలికాలంలో కోవిడ్ వచ్చి తగ్గిన పిల్లలున్నారు. "బాగానే ఉన్నాడు, గంతులేస్తున్నాడు" అని నేరుగా మైదానానికి తీసుకురాకండి. కొద్దిమందిలో ఈ వైరస్ గుండె కండరాన్ని వాపెక్కిస్తుంది, ఆ సమయంలో గట్టిగా పరుగెత్తడం ప్రమాదం. కోవిడ్ వచ్చిన ప్రతి పిల్లవాడినీ డాక్టర్ చూసి సరేనన్నాకే ఆటకు పంపాలని పిల్లల డాక్టర్ల సంఘమైన అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2021 మొదట్లో చెప్పింది, లక్షణాలు లేకపోయినా సరే. నాలుగు రోజులు, ఆపైన జ్వరం ఉన్నవాళ్లకు, ఆసుపత్రిలో ఉన్నవాళ్లకు ఈసీజీ, గుండె డాక్టర్ కావాల్సి రావచ్చు. గుండె వాపు తేలితే మూడు నుంచి ఆరు నెలలు ఆట మానాల్సిందే. ఒప్పుకున్నాక కూడా మొదటిరోజే పూర్తి ఆట కాదు, నడక, మెల్లని పరుగు, అలా వారం పైన పెంచుతూ పోవాలి. ఛాతీలో నొప్పి, గుండె దడ, కళ్లు తిరగడం, మామూలు కన్నా ఎక్కువ ఆయాసం అని పిల్లవాడు అంటే ఆ నిమిషమే ఆపేయాలి. "బద్ధకం" అనకండి. కోవిడ్ తగ్గిన రెండు నుంచి ఆరు వారాలకు మళ్లీ జ్వరం, కడుపునొప్పి, ఎర్రటి కళ్లు, దద్దుర్లు కనిపిస్తే ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు ఫోన్ చేయండి.

ఈ 2021 రూల్ ప్రకారం మాస్కు ఆడేటప్పుడు కూడా ఉండాలి, పిల్లవాడు తట్టుకోగలిగినంత వరకు. చెమటకు తడిసిన మాస్కులోంచి ఊపిరి ఆడదు కాబట్టి రెండు పంపండి, తడిసింది వేయడానికి ఒక కవరు కూడా. చెవులకు తగిలించే మెత్తటి గుడ్డ మాస్కు మేలు. మెడలో వేలాడే తాడుతో ఉన్నది వద్దు, ఇంకో పిల్లవాడి చేతికి చిక్కుకుంటుంది. ఆయాసం వస్తే చేయి ఎత్తి పక్కకు, అందరికీ దూరంగా వచ్చి మాస్కు దించి ఊపిరి తీసుకోమని నేర్పండి. అది అడగడానికి మొహమాటపడే పిల్లలే ఎక్కువ.

మైదానంలో మిగతావి తేలికే. బాల్, కోన్లు చేత్తో పట్టేది కోచ్ ఒక్కరే. పిన్నీలు (టీమ్ తేడా తెలియడానికి షర్టు మీద వేసుకునే రంగు బనియన్లు) పంచుకోం, ప్రతివాళ్లూ తెల్ల షర్టు ఒకటి, ముదురు రంగు షర్టు ఒకటి తెచ్చుకోవాలి. నీళ్ల సీసా మీద పేరు. గోల్‌కీపర్లకు గ్లవ్స్ మీద ఉమ్మి రుద్దుకునే అలవాటుంటుంది, అది ఇప్పుడే మాన్పించండి, గ్లవ్స్ ఎరువివ్వొద్దు. గోల్ కొడితే మీద పడి కౌగిలించుకోవద్దని ఎన్నిసార్లు చెప్పినా మర్చిపోతారు. మర్చిపోయినప్పుడు అరవకండి.

చివరిగా, కోవిడ్‌తో సంబంధం లేనిదీ, అందరూ మర్చిపోయేదీ ఒకటుంది. ఏడాదిలో మన పిల్లలు ఎదిగారు. గరాజ్‌లో ఉన్న క్లీట్స్, అంటే సాకర్ బూట్లు, ఇప్పుడు బిగుతు. దెబ్బ తగలకుండా కాలికి కట్టే షిన్ గార్డ్స్ మోకాలికీ చీలమండకీ మధ్య సగమే వస్తున్నాయి. ఈ శనివారమే తొడిగించి చూడండి. ఏడాది సోఫాలో కూర్చుని జూమ్ క్లాసులు విన్న కాళ్లు అవి. ఎనిమిది నుంచి పద్నాలుగేళ్ల మధ్య ఎముక పెరిగే వయసులో మడమ వెనక నొప్పి రావడం సాకర్ పిల్లల్లో మామూలే, కుంటుతుంటే రెండు రోజులు ఆపి ఐస్ పెట్టండి, తగ్గకపోతే చూపించండి. మొదటి రెండు వారాలు సగం జోరే ఉంటుంది, "మ్యాచ్ ఎప్పుడు" అని కోచ్‌ను తొందరపెట్టకండి. ఫిఫా వాళ్లు 13 ఏళ్ల లోపు పిల్లల కోసం తయారుచేసిన "11 ప్లస్ కిడ్స్" వార్మప్ మేం ప్రతిసారీ చేయిస్తాం. దాన్ని క్రమంగా చేసిన పిల్లల్లో గాయాలు దాదాపు సగం తగ్గాయి. అది ప్రాక్టీస్ మొదట్లోనే ఉంటుంది కాబట్టి పది నిమిషాలు ఆలస్యంగా దింపితే పోయేది అదే.

ఇంట్లో ఎవరికైనా పాజిటివ్ వస్తే, అది పిల్లవాడే కానక్కర్లేదు, నాకు ఆ పూటే ఫోన్ చేయండి. పేరు నేను బయటపెట్టను. ప్రతి ప్రాక్టీస్‌లో ఎవరు ఎవరితో జతగా ఆడారో నా దగ్గర రాసి ఉంటుంది. ఈ 2021 రూల్ ప్రకారం, పాజిటివ్ వచ్చినవాళ్లకు ఇరవై నాలుగు గంటల్లో మొత్తం పదిహేను నిమిషాలు ఆరడుగుల లోపు ఉన్నవాళ్లు పది రోజులు ఇంట్లో ఉండాలి. మిగతావాళ్ల ఆట సాగుతుంది. నలుగురికీ తెలిస్తే ఏమనుకుంటారోనని ఆగేవాళ్లున్నారు, వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. నవంబరులో ఆ బాబు వాళ్లమ్మ రిపోర్టు వచ్చిన పది నిమిషాలకే, పొద్దున్న ఆరింటికి, ఏడుస్తూ ఫోన్ చేసింది. ఆ రోజు సాయంత్రం ప్రాక్టీస్ ఆపగలిగాం. కార్‌పూల్ ఇళ్లకు కూడా అప్పుడే చెప్పాం, ఆ తాతగారు ఊపిరి కష్టమయ్యేదాకా ఆగకుండా టెస్టు చేయించుకున్నారు. ఆయన ఇప్పుడు రోజూ పెరట్లో మనవడికి బాల్ అందిస్తున్నారట. మంగళవారం ప్రాక్టీస్‌కు మనవణ్ని కారులో కూర్చుని చూస్తానని కబురు పంపారు.